పిండిగదిలో మాట

నిఘంటువు కార్యాలయంలో ‘ఎల్’ అక్షరం మొదలుపెట్టిన ఏడాదే ఆమె కూతురు బడిలో చేరింది. ఇప్పుడు ఆ పిల్ల తల్లి కంటే బెత్తెడు పొడుగైంది. కార్యాలయం మాత్రం ఇంకా ‘ఎల్’లోనే ఉంది. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ప్రతి మాటకీ ఒక సమావేశం ఉంటుంది, ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అలుగుతారు, అలిగినవాళ్లు మళ్లీ మామూలు మనుషులయ్యే దాకా ఆ మాట అక్కడే నిలబడి ఉంటుంది.

ఆమె పని ఇంగ్లీషు మాటలకు తెలుగులో అర్థాలు రాయడం. అత్తగారికి ఆ ఉద్యోగం మీద మొదటినుంచీ సదభిప్రాయం లేదు. అందరికీ తెలిసిన మాటలకు అర్థాలు రాసినందుకు జీతం ఇస్తారంటే, ఇచ్చేవాళ్ల బుర్రలో ఏదో లోపం ఉండాలని ఆవిడ అనుమానం. కోపం వచ్చినప్పుడు కోడలిని ‘అర్థాలమ్మా’ అని పిలిచేది. కోపం తరచుగా రావడం వల్ల ఆ పేరే స్థిరపడిపోయింది.

అద్దాల దుకాణం పైన, మూడో అంతస్తులో ఆ కార్యాలయం. పొడవాటి గది, కిటికీ పక్కన ప్రధాన సంపాదకుడి బల్ల. ఆయనను అందరూ పెద్దాయన అంటారు. తెలియని సంగతి ఎదురైనప్పుడు కళ్లజోడు తీసి తుడవడం ఆయన అలవాటు. ఆ కళ్లజోడు అంత శుభ్రంగా ఆ వీధిలో మరెవరిదీ ఉండదు. ఆయనకు ఎదురుగా శాస్త్ర పదాల సలహాదారు. ఎక్కడో జంతుశాస్త్రం చెప్పి రిటైరయి, కొన్నాళ్లు సాయం చేసి వెళ్తానని వచ్చినవాడు. వెళ్లలేదు. ఆయనకు పక్షులంటే ప్రాణం, అందుకని పిట్టలాయన.

ఆ రోజు వంతు ‘లోర్’ది.

“లోర్ అంటే పుస్తకాల్లోంచి కాకుండా నోటి మాటగా వచ్చే తెలివిడి అండీ” అని అర్థాలమ్మ మొదలుపెట్టింది. “ఒక ఊళ్లోనో, ఒక పనిలోనో, ఒక ఇంట్లోనో పెద్దవాళ్ల దగ్గర్నుంచి పిల్లలకి వచ్చేది. వెయ్యేళ్ల కిందట ఆ మాటకి బోధన అని అర్థం. నేర్చుకోవడం అనే లెర్న్ కూడా దీనికి చుట్టమే. ఇంకా వెనక్కి వెళ్తే మూలం చాలు అంటారు.”

“అప్పుడే చాలా? ఇంకా టీ కూడా రాలేదు” అన్నాడు పెద్దాయన.

“ఆ చాలు కాదండీ. నాగేటి చాలు. నేల మీద పడ్డ జాడ. ముందువాళ్లు వేసిన చాల్లో నడవడమే నేర్చుకోవడం అన్నమాట. జ్వరం ముదిరితే సంధి పేలాపన వస్తుంది చూశారూ, డెలీరియం, ఆ మాట కూడా ఈ చాలు చుట్టరికంలోదే. చాలు తప్పిపోవడం.”

“అంటే చాల్లో ఉన్నంత సేపూ జ్ఞానం, చాలు తప్పితే సంధి” అని పెద్దాయన మెచ్చుకోలుగా తలూపి, ఎందుకో పిట్టలాయన వైపు చూశాడు.

పిట్టలాయన ఆ చూపును పట్టించుకోలేదు. ఆయన అప్పటికే కుర్చీ అంచుకు వచ్చేశాడు. “అసలు అర్థం వదిలేశారేమిటి? లోర్ అంటే పక్షి కంటికీ ముక్కుకీ మధ్య ఉండే చోటు. కొన్ని పిట్టల్లో అక్కడ ఈకలుండవు. రంగు చూసి జాతి చెప్పేయొచ్చు.”

“అది వేరే మాటండీ. లాటిన్‌లో తోలుపట్టీ అనే మాట నుంచి వచ్చింది. అక్షరాలు ఒకటేగానీ, రక్తసంబంధం లేదు.”

“అక్షరాలు ఒకటయ్యాక ఇంకా రక్తసంబంధం దేనికమ్మా? మనం చేస్తున్నది నిఘంటువా, పెళ్లిసంబంధమా?”

పెద్దాయన కళ్లజోడు తీసి తుడిచాడు. గొడవ అంతటితో ఆగితే బాగుండేది గానీ, తెలుగులో దానికి ఏ మాట పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. సంప్రదాయ విజ్ఞానం అని ఒకరన్నారు. అది మరీ సర్కారు బోర్డులా ఉందని ఇంకొకరన్నారు. పారంపర్య జ్ఞానం అంటే నోరు తిరగదన్నారు. ఐతిహ్యం అంటే అందరూ బాగుందన్నారు, కానీ దానికి అర్థం చెప్పమంటే ఎవరి అర్థం వారు చెప్పారు. దీని ముందు జనం అనే మాట చేర్చి ఫోక్‌లోర్ అన్నది ఎవరో పెద్దమనిషి మారుపేరుతో పత్రికకు రాసిన ఉత్తరంలో పుట్టిన మాటని అర్థాలమ్మ చెప్పబోతే, సొంత పేరు పెట్టుకునే ధైర్యం లేనివాళ్ల మాటలు మనకెందుకని పెద్దాయన తీసిపారేశాడు.

చివరికి ఒక తీర్మానం అయింది. వచ్చే సమావేశానికి అర్థాలమ్మ ఒకే ఒక్క తెలుగు మాట తేవాలి. దాంతోపాటు, జీవితంలోంచి తీసిన ఒక ఉదాహరణ కూడా.

జీవితం ఆమె ఇంటి కింది భాగంలోనే ఉంది. అత్తగారిది బేకరీ. కింద దుకాణం, దాని వెనక ఓవెన్ గది, దాని పక్కన పిండిగది. పైన కాపురం. తెల్లవారగానే ఒక వాయి, మధ్యాహ్నం ఒక వాయి. మామగారు పోయాక పని ఆమె భర్త చూస్తున్నాడు, చూస్తున్నానని అనుకుంటున్నాడు. అతన్ని అత్తగారు చూస్తున్నారు.

ఆ బేకరీ బ్రెడ్డుకు ఆ చుట్టుపక్కల మంచి పేరుంది. ఆ పేరుకు కారణం ఏమిటని అడిగితే అత్తగారు పిండి రకం గురించి చెప్పరు, ఈస్టు గురించి చెప్పరు. “మా పిండిగదిలో మాట ఉండదు” అంటారు.

నిజంగానే ఉండదు. పిండి కలపడం మొదలైన దగ్గర్నుంచి అది పొంగి ఓవెన్‌లోకి వెళ్లే దాకా ఆ గదిలో ఎవరూ నోరు విప్పకూడదు. పిండి వింటుంది. మాటలు విన్న పిండి అలిగి కూర్చుంటుంది, పొంగదు. ఈ సంగతి మామగారి తాతగారు కనిపెట్టారు. ఆయనకు ఒక ముసలి బాటసారి చెప్పాడు. మొదట్లో ఆ బాటసారి ఊరికే బాటసారి. అర్థాలమ్మ కాపురానికి వచ్చేసరికి ఆయన ఏదో రాజుగారి కోటలో రొట్టెలు కాల్చినవాడయ్యాడు. కూతురు పుట్టేసరికి ఆయనకు తెల్లగడ్డం వచ్చింది. ఈమధ్య చెప్పినప్పుడు, ఆయన మళ్లీ ఎవరికీ కనబడలేదని కూడా అత్తగారు చేర్చారు.

నోరు మూసుకుని పని చేయాలి కాబట్టి ఆ ఇంట్లో సైగల భాష ఒకటి తయారైంది. అరచేయి బోర్లిస్తే నీళ్లు. చూపుడువేలితో బొటనవేలు రాస్తే ఉప్పు. మోచేయి గోకితే ‘అమ్మ వస్తోంది.’ మొగుడూపెళ్లాలు ఆ సైగలతోనే పోట్లాడుకున్నారు, ఆ సైగలతోనే రాజీపడ్డారు. పెళ్లయిన కొత్తలో అతను ఒకసారి ప్రేమగా ఏదో సైగ చేస్తే ఆమె పిండిలో ఇంకో దోసెడు ఉప్పు వేసింది.

ఆ వారం ఒక సెలవురోజున మధ్యాహ్నం వాయి ఓవెన్‌లోకి వెళ్లాక అందరూ పైన భోజనానికి కూచున్నారు. అర్థాలమ్మ ఆఫీసు గొడవంతా చెప్పింది.

“లోర్‌కి అర్థం తెలీదా మీవాళ్లకి?” అంది కూతురు, తెగ జాలిపడుతూ. “మా క్లాసులో అందరికీ తెలుసు. ఎవరికైనా వెనకాల పెద్ద కథ ఉంటే, వాళ్లకి లోర్ ఉంది అంటాం. గేముల్లో కూడా అంతే. ఆ కోట ఎందుకు కూలిపోయింది, ఆ రాక్షసుడికి కన్ను ఎలా పోయింది, అదంతా లోర్.”

“మంచి చదువే” అన్నారు అత్తగారు.

“మన పిండిగదికి కూడా లోర్ ఉంది కదా నానమ్మా. ఆ గడ్డం తాత.”

“అది లోరూ కాదు గీరూ కాదు. జరిగింది.”

“నువ్వు చూశావా?”

“నేనెలా చూస్తానే? మీ తాతయ్య చెప్పాడు.”

“తాతయ్య చూశాడా?”

అత్తగారు పిల్ల పళ్లెంలో ఇంకాస్త కూర వేశారు. అది ఆవిడ పద్ధతి.

అర్థాలమ్మ వృత్తి మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం. ఇంట్లో ఇంత పెద్ద వేరు పెట్టుకుని ఇన్నాళ్లూ పార పట్టనందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. “దీని సంగతి సరిగ్గా తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?” అని భర్తను అడిగింది.

అతను తల్లి వైపు ఒకసారి చూసి, మోచేయి గోక్కున్నాడు. తర్వాత మెట్లమీద పట్టుకుని చెప్పాడు. “మా మేనత్తకి తెలుసుండొచ్చు. ఆవిడ చిన్నప్పుడు ఈ పిండిగదిలోనే పెరిగింది. కానీ వెళ్తే మాత్రం తీరిక చూసుకుని వెళ్లు. నోరు తెరిచిందంటే నువ్వు ఇవాళ వెళ్లి రేపొస్తావు.”

ఆ మేనత్తను ఇంట్లో రేడియో అంటారు. రైల్వే స్టేషన్‌లో అనౌన్సరుగా చేసి రిటైరైంది. నాన్నగారూ అన్నగారూ నడిపిన బేకరీ నాలుగు వీధుల అవతలే ఉన్నా, చాలా ఏళ్లుగా ఆవిడ ఆ గుమ్మం ఎక్కలేదు. పెళ్లిళ్లలో కనిపిస్తే పలకరిస్తుంది, అంతే. ఎందుకు రాదని అడిగితే, “గర్వం” అని అత్తగారు ఒక్క మాటలో తేల్చేసేవారు.

రేడియో ఉండేది స్టేషన్ వెనక వీధిలో, రెండు గదుల ఇంట్లో. రైలు వెళ్లినప్పుడల్లా అలమరలో గాజుగ్లాసులు గలగలమంటాయి. ఆవిడ వాటిని సర్దుకుంటూనే మాట్లాడుతుంది. ఏళ్ల తరబడి ప్రతి కబురూ రెండేసిసార్లు చెప్పిన మనిషి కావడం వల్ల ఇంట్లో కూడా ఆ అలవాటు పోలేదు.

“కూచో అమ్మా. కూచో. కాఫీ ఇస్తాను. కాఫీ ఇస్తాను.”

“పిన్నిగారూ, మన బేకరీలో పిండి దగ్గర మాట్లాడకూడదని ఉంది కదా, అది ఎలా వచ్చిందో మీకేమైనా తెలుసా?”

రేడియో చేతిలోని గ్లాసు బల్లమీద పెట్టి, ముందు చిన్నగా, తర్వాత గట్టిగా, తర్వాత ఊపిరాడనంతగా నవ్వింది.

“అదింకా ఉందా? ఇంకా ఉందా!” అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. “నా వల్లే అమ్మా అది. నా నోటివల్లే.”

తర్వాత చెప్పింది. ఆవిడకు అప్పుడు పదహారో పదిహేడో. అన్నగారు, అంటే అర్థాలమ్మ మామగారు, అప్పుడే తండ్రి దగ్గర పని నేర్చుకుని పిండిగదిలోకి దిగాడు. చెల్లెలు సాయం. సాయమంటే పిండి పిసుకుతూ, పొద్దున దుకాణానికి వచ్చిన వాళ్లందరినీ అనుకరించడం. మెడ తిప్పలేని బ్యాంకాయన చిల్లర ఎలా తీసుకుంటాడో, కుక్కని ఎత్తుకొచ్చే దొరసానిలాంటావిడ “తాజాదేనా?” అని ఎలా మూలుగుతుందో, అన్నీ చేసి చూపించేది. అన్న కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఒకరోజు అలా నవ్వీ నవ్వీ ఉప్పు వేయడం మరిచిపోయాడు. వాయి మొత్తం చప్పిడి. పైగా జావలా జారిపోయింది. ఆ రోజే ఎవరో పెద్దింటి విందుకు బ్రెడ్డు వెళ్లింది.

“మా నాన్న అన్నయ్యని దుకాణం మధ్యలో నిలబెట్టి, అందరి ముందూ చెంప పగలగొట్టాడు. అందరి ముందూ. మర్నాడు అన్నయ్య ఏం చేశాడో తెలుసా? తాతగారు కల్లోకి వచ్చి చెప్పారన్నాడు. పిండి వింటుందట, మాటలు వింటే పాడైపోతుందట. అప్పటికి తాతగారు పోయి చాలా కాలమైంది కాబట్టి కాదనలేదు.”

“మీ నాన్నగారు నమ్మారా?”

“తండ్రి మాట జవదాటలేడుగా పాపం! అన్నయ్య సొంతంగా చెబితే ఎవరు వింటారమ్మా, ఇరవై ఏళ్ల కుర్రవాడు? అందుకని తాతగారి నోట్లో పెట్టాడు. తర్వాత ఆ కల కాస్తా నిజంగా జరిగినట్టయింది. ఆ బాటసారి ఎవరో నాకు తెలీదు. ఆయన నా తర్వాత చేరాడు.”

“ఉప్పు సంగతి?”

“ఉప్పు సంగతి ఎవడికి కావాలి? వాయి పాడైంది నా మాటల వల్ల. అదీ కథ.” రైలు వెళ్లింది. గ్లాసులు గలగలమన్నాయి. ఈసారి ఆవిడ సర్దలేదు. “నేనా గదిలో నోరు మూసుకుని రెండు రోజులున్నాను. మూడోరోజు పిచ్చెక్కినట్టయి బయటికి వచ్చేశాను. మాట్లాడితే జీతమిచ్చే ఉద్యోగం ఉందని ఎవరో చెబితే వెళ్లి చేరాను. అన్నయ్య ఒక్కసారన్నా రమ్మంటాడని చూశాను. రమ్మంటే ఉప్పు సంగతి ఎక్కడ బయటపడుతుందోనని పిలవలేదు.”

ఈ చివరి మాట ఆవిడ ఒక్కసారే అంది.

అర్థాలమ్మ కాలు నేలమీద నిలవకుండా ఇంటికి వచ్చింది. ఆమెకు దొరికింది మామూలు ఉదాహరణ కాదు. పుట్టుక, పెరుగుదల, గడ్డం మొలవడంతో సహా ఒక లోర్ సంపూర్ణ జీవితచరిత్ర. ఇంత దొరికాక మనిషి నోరు ఊరుకోదు. చదువుకున్నవాళ్ల నోరు అసలు ఊరుకోదు. దాని వల్ల ఇంట్లో ఏమవుతుందన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. వచ్చి, ఉత్సాహం ముందు నిలబడలేక వెళ్లిపోయింది.

ఆదివారం భోజనాల దగ్గర మొత్తం చెప్పేసింది. బ్యాంకాయన మెడతో సహా చెప్పింది. కూతురు పకపకా నవ్వింది. భర్త నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయాడు.

అత్తగారు కోప్పడతారని అందరూ అనుకున్నారు. ఆవిడ చేతిలో ముద్ద అలాగే పట్టుకుని అడిగారు:

“ఉప్పు మరిచిపోయాడా?”

“అవునట అత్తయ్యా.”

“నాకు చెప్పలేదే.”

ముద్ద పళ్లెంలో పెట్టేసి లేచి, చేయి కడుక్కుని, కిందికి వెళ్లిపోయారు. కింద ఆదివారం పని ఉండదు. పిండిగదిలో స్టూలు జరిగిన చప్పుడు మాత్రం వినిపించింది.

అర్థాలమ్మకు అప్పుడు, తీరిగ్గా, లెక్క అర్థమైంది. అత్తగారు పద్దెనిమిదేళ్లకు ఆ ఇంటికి వచ్చారు. వచ్చిన మర్నాటి నుంచీ పిండిగదిలోనే. మొగుడికీ పెళ్లానికీ రోజులో కలిసి ఉండే సమయమంతా ఆ గదిలోనే గడిచేది. పైకి వచ్చాక ఆయన అలసిపోయి నిద్రపోయేవాడు. అలా ఒక జీవితకాలం. తాతగారి ఆజ్ఞ కదా అని, రాజుగారి కోట కదా అని, ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. ఎదురుగా నిలబడి పిండి పిసుకుతున్న మనిషి ఒక్క ఉప్పుగల్లంత నిజం మింగేసి, ఆ మౌనాన్ని ఆవిడ చేత కాపలా కాయించాడు.

“నువ్వు ఇప్పుడు అది చెప్పకపోతే ఏం పోయింది?” అన్నాడు భర్త, ఆ రాత్రి కాదు, అప్పుడే, పళ్లెం ముందే.

“నిజం తెలియాలి కదా.”

“మీ ఆఫీసులో ‘ఎల్’ అయిపోయే లోపల తెలిసినా సరిపోయేది.”

తర్వాత వారమంతా అత్తగారు పిండిగదిలో మాట్లాడలేదు, అది మామూలే. పైన కూడా మాట్లాడలేదు. ఏం కావాలన్నా సైగ చేసేవారు. కూరలో ఉప్పు తక్కువైతే చూపుడువేలితో బొటనవేలు రాసి చూపేవారు. ఆ సైగ చూసినప్పుడల్లా అర్థాలమ్మ తలొంచుకుని ఉప్పు డబ్బా అందించేది.

ఈలోగా ఆఫీసులో సమావేశం వచ్చింది. అర్థాలమ్మ ‘వినికిడి’ అనే మాట పట్టుకెళ్లింది. విన్నదీ అదే, చెప్పుకునేదీ అదే, పైగా అందరికీ తెలిసిన మాట. ఆ చివరి గుణమే దాని కొంప ముంచింది.

“అందరికీ తెలిసిన మాట పెడితే నిఘంటువు ఎవరు కొంటారమ్మా?” అన్నాడు పెద్దాయన.

ఉదాహరణ అడిగారు. ఆమె తెచ్చిన కథ ఆమె నోటిదాకా వచ్చింది. పేర్లు మార్చి చెప్పొచ్చు. అందరూ మెచ్చుకుంటారు. కానీ అన్నం ముద్ద పళ్లెంలో పెట్టేసిన చేయి గుర్తుకొచ్చి, “ఉదాహరణ దొరకలేదండీ” అంది. ఆ ఉద్యోగంలో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. మిగతావాళ్లతో పోలిస్తే చాలా ఆలస్యంగా మొదలుపెట్టినట్టే.

సాయంత్రం దాకా వాదించుకుని, ఐతిహ్యం వర్గం అలిగి వెళ్లిపోయాక, సభలో ఎవరికీ అభ్యంతరం లేని అర్థం ఒకటే మిగిలిందని తేలింది. అచ్చుకు పంపిన ప్రతిలో లోర్ అంటే ‘పక్షి కంటికీ ముక్కుకీ నడుమ భాగం’ అని ఉంది. పిట్టలాయన ఆ రోజు అందరికీ తన సొంత డబ్బుతో బిస్కెట్లు తెప్పించాడు. పెద్దాయన ఏకాభిప్రాయం గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. వెయ్యేళ్లుగా మనుషులు ఒకరికొకరు నేర్పుకున్నదంతా ఒక పిట్ట మూతి మీద సుఖంగా సర్దుకుంది.

ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు. ఆమె చెప్పులు విప్పుతుండగా అత్తగారు దుకాణంలోంచి పిలిచారు. సైగతో కాదు, నోటితో.

“అమ్మాయ్. ఆవిడ్ని రమ్మను.”

“ఎవర్ని అత్తయ్యా?”

“ఎవర్నంటే ఎవర్ని? మీ పిన్నిగార్ని. రేపు మధ్యాహ్నం వాయికి రమ్మను.”

రేడియో వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చింది. దుకాణం గుమ్మం దగ్గర ఆగి, తలుపు గొళ్లెం మార్చారా అని అడిగింది. మార్చారు. గల్లాపెట్టె ఇటువైపు ఉండేదే అంది. ఉండేది. పిండిగది గడప దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఆవిడ నోరు దానంతటదే మూతపడిపోయింది. లోపల పిండి సగమే కలిపి ఉంది. అత్తగారు చేతులకు పిండితో నిలబడి ఉన్నారు. అర్థాలమ్మ, భర్త గోడవారగా నిలబడ్డారు. సెలవు కాబట్టి కూతురు కూడా వచ్చింది, ఏదో జరుగుతుందని ఆ పిల్ల ముక్కుకు ముందే తెలిసిపోయింది.

అత్తగారు స్టూలు ముందుకి జరిపారు.

“కూచో” అన్నారు. పిండి పక్కనే, పైకే అన్నారు.

భర్త ఉలిక్కిపడి పిండి వైపు చూశాడు. పిండి ఏమీ అనలేదు.

“వదినా, మాట్లాడొచ్చా?” అని రేడియో గుసగుసగా అడిగింది. ఒకసారి అడిగి, గట్టిగా మళ్లీ అడిగింది. “మాట్లాడొచ్చా?”

“నువ్వు కాదు. ముందు నేను మాట్లాడతాను” అన్నారు అత్తగారు.

మాట్లాడారు. మొదట్లో ఒక్కో మాటా వెతుక్కుంటూ, తర్వాత ఆగకుండా. కొత్తకోడలిగా వచ్చిన మొదటిరోజు ఈ గదిలో చేయి కాలితే అరవకుండా పెదవి కొరుక్కున్న సంగతి చెప్పారు. పిల్లవాడు కడుపులో పడ్డ సంగతి మొగుడికి ముందుగా ఇక్కడే చెప్పాలనిపించి, ఏ సైగ చేయాలో తెలియక, పిండి ముద్దని కడుపు దగ్గర పట్టుకుని చూపిస్తే, ఆయన అది ఇంకా పొంగాలనుకుని తడిగుడ్డ కప్పి వెళ్లిపోయిన సంగతి చెప్పారు. రేడియో పడీపడీ నవ్వింది. అత్తగారు కూడా నవ్వారు. నవ్వుతూనే ముఖం మోచేత్తో తుడుచుకున్నారు. “నీకు గర్వమని అందరికీ చెప్పానే! ఇన్నేళ్లూ చెప్పానే!” అన్నారు. “ఫర్లేదు వదినా, కొంచెం ఉండేదిలే” అంది రేడియో. తర్వాత ఆవిడ వంతు వచ్చింది. బ్యాంకాయన మెడ, దొరసానిలాంటావిడ మూలుగు, ఆ తర్వాత మామగారి నవ్వు. ఆ నవ్వు ఎలా ఉండేదో చేసి చూపించింది.

అత్తగారు చేతులు ఆపేశారు.

“ఆయన అంత గట్టిగా నవ్వేవాడా?”

“వీధి చివరికి వినపడేది. వీధి చివరికి.”

“ఇంకోసారి చెయ్యి” అన్నారు అత్తగారు. రేడియో ఇంకోసారి చేసింది. ఇంకోసారి చేసింది.

కూతురు గోడకి జారి నేలమీద కూచుంది. భర్త పని చేయడం మరిచిపోయి, తండ్రి నవ్వును పరాయి నోట్లో వింటూ నిలబడిపోయాడు. అర్థాలమ్మకు జీవితంలో మొదటిసారి, ఈ మాట, ఆ మాట రాసుకోవాలన్న కోరిక కలగలేదు.

ఎంతసేపు గడిచిందో ఎవరూ చూసుకోలేదు. గడియారం వైపు చూడాల్సిన మనిషి ముక్కు చీదుకుంటున్నాడు. చివరికి కూతురే, “నానమ్మా, పిండి!” అని అరిచింది.

పిండి పొంగాల్సినంతా పొంగి, ఆ పైన ఇంకా పొంగి, తొట్టి అంచులు దాటి బల్లమీదికి జారి, అక్కడ నీరసపడి కూలిపోయి ఉంది. వేలితో పొడిస్తే నిట్టూర్చినట్టు గాలి వదిలింది. అత్తగారు చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నారు. ముఖం చిట్లించారు.

“ఉప్పు” అన్నారు.

భర్త అటక వైపు చూశాడు. ఉప్పు డబ్బా మూత తీసి కూడా లేదు. మోచేయి గోక్కోబోయి, తల్లి ఎదురుగానే ఉన్నదని గుర్తొచ్చి చేయి దించేశాడు.

“చూశారా!” అన్నారు అత్తగారు. ఓడిపోయినప్పుడు కూడా గెలిచినట్టు మాట్లాడటం ఆవిడకు చేతనవును. నిజంగా గెలిచినప్పుడు ఇక చెప్పాలా? “మాట్లాడకూడదని ఊరికే అనలేదు. ఆయన అబద్ధం చెప్పినా సరిగ్గానే చెప్పాడు.”

“అయితే మళ్లీ నోరు మూసుకోవాలా నానమ్మా?”

“పనివేళలో మూసుకోవాలి. పిండికి చెవుల్లేవు, మనకే బుద్ధి లేదు.” రేడియో వైపు తిరిగి, “నువ్వు మాత్రం వాయి ఓవెన్‌లోకి వెళ్లాక రా. రోజూ రా” అన్నారు.

“రోజూనా? రోజూనా?” అంది రేడియో. ఈసారి అది అలవాటు కాదు, నిజంగానే రెండుసార్లు అడిగింది.

బయట దుకాణం ముందు జనం చేరారు. మధ్యాహ్నం బ్రెడ్డు కోసం వచ్చినవాళ్లు. గాజు అలమర ఖాళీగా ఉండటం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండలేదు. ఒకాయన సంచి పట్టుకుని అలమర చుట్టూ తిరిగి చూశాడు, వెనకవైపు ఏమైనా ఉన్నాయేమోనని. ఏదో ప్రమాదం జరిగిందన్నారు కొందరు. ఎవరో పోయారన్నారు ఇంకొందరు. లోపలినుంచి ఏడుపు వినిపించిందని ఒకావిడ సాక్ష్యం చెప్పింది. నవ్వులు కూడా వినిపించాయని ఇంకొకావిడ అంటే, పాపం మతి చెదిరి ఉంటుందని సర్దిచెప్పారు. సాయంత్రానికి ఈ కథకు ఎన్ని గడ్డాలు మొలుస్తాయోనని అర్థాలమ్మకు దిగులు కలగలేదు, సరదా వేసింది.

అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. వెనకే రేడియో.

“ఏమైందమ్మా, ఇవాళ బ్రెడ్డు లేదా?” అని సంచి ఆయన అడిగాడు.

“లేదు.”

“ఎందుకని?”

అత్తగారు వీధి అటు చివరి దాకా ఒకసారి చూశారు.

“మాట్లాడుకుంటున్నాం” అన్నారు.